రాతిగదిలో అమ్మ, షెడ్డులో ట్రాక్టరు

ఆల్డర్ ఫోర్క్, మిషిగన్
1987 డిసెంబరు 1

శ్రీమతి టైమీ హాల్వర్సన్ గారికి,

తమరు నవంబరు 27న వ్రాసిన దరఖాస్తు సమాధుల తోట నిర్వహణ సంఘానికి చేరినది. దరఖాస్తు అన్న పేరు నేను పెట్టినదే. తమరు దానిని "ఒరేయ్ రేనో" అని ప్రారంభించారు. అయినను సంఘం దానిని స్వీకరించినది.

విషయం: కీర్తిశేషులు హిల్యా కివెలా (84) గారి భూస్థాపన. వారు నవంబరు 19న ప్రభువునందు నిద్రించారు. 23న ప్రార్థన జరిగినది, తమరును హాజరైనారు. నాటి నుండి వారి శవపేటిక తోట గేటు పక్కన, కొండలో తొలిచిన రాతిగదిలో భద్రముగా ఉన్నది.

ఏడవ నిబంధన ప్రకారం నవంబరు 15 మొదలు మే 15 వరకు తోటలో భూస్థాపనలు జరుగవు. మంచు ఇప్పటికే నడుము లోతున్నది. 1959లో రోడ్ల మీద మంచు తీసే పెద్ద బండిని లోపలికి రానిచ్చినందున మూడు సమాధి రాళ్ళు విరిగినవి. వాటిలో ఒకటి బతికున్న మనిషి ముందుచూపుతో వేయించుకున్నది. ఆయన తక్కిన ఇద్దరికంటె ఎక్కువ ఫిర్యాదు చేశారు.

కావున తమ కోరిక తిరస్కరింపబడినది. అభ్యంతరమున్నచో అధ్యక్షుల వారికి విన్నవించుకొనవచ్చును. వారు బాతులతో పాటు ఫ్లోరిడా వెళ్ళారు. బాతులతో పాటు తిరిగి వస్తారు.

ఈ విషయమై ఫోను చేయవద్దని మనవి. ఫోనులో చెప్పిన మాటకు ఫైలుండదు.

ఇట్లు,
రేనో కివెలా, కార్యదర్శి

తా.క. నీ ఊలు చేతితొడుగులు అమ్మ కుర్చీ మీద మరిచిపోయావు. పంపుతున్నాను.


మిల్వాకీ
డిసెంబరు 7

ఒరేయ్ రేనో,

ఇది దరఖాస్తు కాదు, తిట్టు. దీన్నీ స్వీకరించు.

యాభైనాలుగేళ్ళు ఆవిడ కాచిన కాఫీ తాగి, ఆవిడ ఉతికిన చొక్కా తొడుక్కుని, ఇవాళ "కీర్తిశేషులు హిల్యా కివెలా గారు" అంటావా? అమ్మ అనడానికి నీ సంఘం తీర్మానం చెయ్యాలా?

చెప్పకుండా దాచిన సంగతొకటి చెబుతున్నాను, విను. చలికాలంలో పోతే తనని ఆ రాతిగదిలో మే దాకా ఉంచొద్దని అమ్మ నాచేత మాట తీసుకుంది. ఎప్పుడో తీసుకుంది, నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు. ఎందుకో ఇప్పుడు రాయను. ప్రార్థన రోజున నువ్వు టోపీ తీసి, గొంతు సవరించుకుని ఏడో నిబంధన చదువుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ తప్పు నాది. దిద్దుకోవాలి.

నీ నిబంధనల నకలు నా దగ్గరుంది. అమ్మ కుట్టుపని పెట్టెలో దొరికితే తెచ్చుకున్నాను. ఏడోదానికి రెండో వాక్యం కూడా ఉంది. "రాళ్ళకు హాని కలుగని రీతిలో దారి తెరువగలిగిన పక్షమున సంఘము విచారింపవచ్చును." రాసిందెవరు? చేవ్రాలు నీదే.

పెద్దబండి పట్టదు, సరే. వరసల మధ్య గడ్డి కోసిన ఆ బుల్లి ట్రాక్టరు పడుతుందిగా? దానికి ముందు తగిలించే మంచు చిమ్మే పెట్టె కూడా కొన్నారుగా? షెడ్డులోనే ఉండాలి. నీ సంఘం ఏదీ పారెయ్యదు.

ఫిబ్రవరి 20, శనివారం. ఫ్యాక్టరీలో నాలుగు రోజులు సెలవడిగాను. ఆ రోజుకి అమ్మ నేలలో ఉండాలి.

తమరి దరఖాస్తుదారుని కాను, నీ అక్కని,
టైమీ


ఆల్డర్ ఫోర్క్
డిసెంబరు 20

టైమీ అక్క గారికి,

ఏడవ నిబంధనలోని రెండవ వాక్యమును సంఘం పరిశీలించినది. అది ఉన్నది. అది ఉన్నదని కార్యదర్శి మరచినందుకు సంఘం అతనిని మందలించినది. మందలింపును నేనే వ్రాసి, నేనే అందుకున్నాను.

విషయం: షెడ్డులోని ట్రాక్టరు స్థితిగతులు. కొన్నది 1958లో. శక్తి ఏడు గుర్రాలు. 1974 నుండి విశ్రాంతిలో ఉన్నది. సీటు స్పాంజిలో ఎలుకల కుటుంబమొకటి మూడు తరాలుగా నివసిస్తున్నది. గాలి వడపోత డబ్బా నిండా పైన్ గింజలు దాచి ఉన్నవి. పిస్టను లోపల బిగుసుకొని ఉన్నది.

పరీక్షకు స్టిమాక్ గారిని పిలిచాను. వారిని నీవెరుగుదువు: క్రొయేషియా మనిషి, ముప్పై ఏళ్ళు రాగి గనిలో తవ్వి, "పైన తవ్వడం పిల్లలాట" అంటూ మన తోటలో గుంతల పనికి కుదిరినవారు. సంఘంలో మూడవ సభ్యులు కూడ వారే. ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, టోపీ తీశారు.

"కార్యదర్శి గారూ, ఇది బండి కాదు, ఇంకో శవం. దీన్ని కూడా రాతిగదిలో పెట్టి తాళమెయ్యండి. మేలో పాతేద్దాం."

"మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాను."

"నమోదు చేస్తే పిస్టను కదుల్తుందటయ్యా? ప్లగ్గు ఊడదీసి లోపల కిరసనాయిలు పొయ్యి. పోసి, వారం రోజులు దాని సంగతి మర్చిపో."

కిరసనాయిలు పోశాను. మరచుట నా చేతకాలేదు. షెడ్డులో చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద ఉన్నందున ఇంజనును విప్పి, జారుడుబండి మీద మన ఇంటి సౌనా ఆవిరిగదికి తెచ్చాను. రెండు శనివారాలు మేమిద్దరమూ కలిసి ఆవిరి పట్టుకున్నాము: అది కింది బల్ల మీద, నేను పై బల్ల మీద. నాకంటె ముందు దానికే చెమట పట్టినది. నిన్న సాయంత్రం పిస్టను గోరు వెడల్పున కదిలినది. నేను బట్టలు లేకుండానే మంచులోకి పరుగెత్తి ఎవరికో చెప్పబోయాను. ఎవరూ లేరు.

కార్బరేటరును పాత కాఫీ గిన్నెలో ఉడికించాను. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో ముక్కులను గోళ్ళు రుద్దే రేకుతో రుద్ది శుభ్రం చేశాను. గిన్నె, రేకు ఎవరివో నీకు తెలుసు.

ఇంజను ఇంకను పలుకలేదు.

రేనో కివెలా


మిల్వాకీ
డిసెంబరు 27

రేనో,

అమ్మ గిన్నెలో కార్బరేటరు ఉడికించావని చదివి పడీపడీ నవ్వాను. మా ఆయన ఏమైందని లోపలికొచ్చేసరికి ఏడుస్తున్నాను.

సెలవిచ్చారు. ఫిబ్రవరి 18న బస్సెక్కుతాను, 22న తిరిగి వచ్చెయ్యాలి. ఈ సెలవు పోతే మళ్ళీ ఆగస్టు దాకా ఇవ్వరు. మే నెలకైతే నేను రాలేను. అర్థమైందా? అప్పుడు అక్కడ నువ్వొక్కడివే.

ఒక్క మాట అడుగుతాను. నాన్న భూస్థాపన గుర్తుందా నీకు? 1948 జనవరిలో జరిగిన ప్రార్థన కాదు. మేలో జరిగింది.

జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

టైమీ


ఆల్డర్ ఫోర్క్
1988 జనవరి 12

టైమీ అక్కకు,

సంఘం హర్షముతో తెలియజేయునది ఏమనగా: ట్రాక్టరు పలికినది.

డిసెంబరు 28 ఉదయం, తాడు ముప్పై నాలుగవసారి లాగినప్పుడు, ముసలి కుక్క దగ్గినట్లు ఒకసారి దగ్గి, ఆగి, ఆలోచించి, మొదలుపెట్టినది. నల్లని పొగ వచ్చినది. ఆ పొగలో పదమూడేళ్ళ పైన్ గింజల వాసన ఉన్నది.

చలిలో దానిని నడుపుట ఒక పరిపాలనా విధానము. సాయంత్రం పని కాగానే ఇంజను నూనెను డబ్బాలోకి వంపి, ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాలి. ఉదయం వెచ్చగా మరల పోయాలి. లేనిచో ఆ నూనె తారు. చక్రాలలో గాలికి బదులు బరువు కోసం ఉప్పునీరు నింపాను, పైన గొలుసులు చుట్టాను. మంచు చిమ్మే గొట్టం తుప్పు పట్టి కుడివైపుకే బిగిసిపోయినది, సుత్తికి లొంగలేదు. కనుక మంచంతా కుడివైపునకే పోవును. సంఘానికి అభ్యంతరం లేదు.

గేటు నుండి మన వరస వరకు మూడు వందల గజాలు. రోజుకు ముప్పై గజాల చొప్పున తెరిచాను. దారి వెడల్పు సరిగా ట్రాక్టరంత, ఒక్క రాయికీ గీత పడలేదు. మన వరసలో మొదటిది నాన్న స్థలం, రెండవది అమ్మకు, మూడవది నాకు అని నీకు తెలుసు. నాలుగవ నిబంధన ప్రకారం భూస్థాపనకు ప్రతిపాదించిన స్థలం ఎల్లవేళల కొలతకు అనువుగా, శుభ్రముగా ఉండవలెను. అందుచేత రెండవ స్థలంలో మంచు పడినప్పుడల్లా తీస్తున్నాను. ఇప్పటికి అయిదుసార్లు. పచ్చిక కనబడుతున్నది. తుడిచిన భోజనాల బల్లవలె ఉన్నది. చూస్తే నీకు తృప్తి కలుగును.

స్టిమాక్ గారు నిమోనియాతో నెలనాళ్ళుగా కూతురింట ఉన్నారు. వచ్చే వారం వస్తారు. వారికి ముందుగా చెప్పలేదు. చూచి ఆశ్చర్యపడవలెనని నా కోరిక.

ఇక్కడ సున్నాకు ఇరవై రెండు కింద. గోడల చుట్టూ కిటికీల దాకా మంచు పేర్చి, ఇల్లు వెచ్చగా ఉంచుకున్నాను.

నీ ప్రశ్న పరిశీలనలో ఉన్నది.

రేనో


ఆల్డర్ ఫోర్క్
జనవరి 25

అక్కా,

స్టిమాక్ వచ్చాడు. నేను ట్రాక్టరు మీద కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్ళాను. దారంతా మెచ్చుకుంటూ వచ్చాడు. మన వరస దగ్గర దిగి, తన ఇనుప కమ్మీ తీసుకుని అమ్మ స్థలంలో పొడిచాడు. అది దిగలేదు. దాగలి మీద సుత్తి పడ్డట్టు మోగింది.

"ఎవడు తీశాడు ఈ మంచు?"

"నేనే. తొమ్మిదిసార్లు."

"మీ ఇంటి చుట్టూ మంచెందుకు పేర్చావ్?"

"గోడలకి చలి తగలకుండా."

"మరి నేలకి తగలదా? నువ్వీ ఊళ్ళో పుట్టినవాడివేనా? పైన నడుము లోతు మంచుంటే కింద నేల మెత్తగా పడుకునుంటుంది. తొమ్మిదిసార్లు నీ తల్లి మంచం మీంచి దుప్పటి లాగేశావు కదయ్యా!"

"నాలుగో నిబంధన..."

"నాలుగో నిబంధనతో తవ్వుకో."

అయిదడుగుల లోతు గడ్డకట్టిందట. బొగ్గులు పోసి, సగం కోసిన డ్రమ్ము బోర్లించి నాలుగు రోజులు నిప్పు పెడితే కరుగుతుందిగాని, పక్కనే నాన్న రాయి ఉంది. ఇసుకరాయి. ఆ వేడికి పగులుతుంది. స్టిమాక్ తల అడ్డంగా ఊపాడు. నేను ట్రాక్టరు ఆపేశాను.

నీ ప్రశ్నకు జవాబు. నాకు గుర్తులేదు, ఎందుకంటే నేను అక్కడ లేను.

ఆ మేలో వాగులోకి సన్నచేపలు ఎదురెక్కాయి. వలలూ బకెట్లూ పట్టుకుని ఊరు ఊరంతా నీళ్ళలోకి దిగింది. నేనూ దిగాను. ఆ రోజే నాన్నని నేలలో పెడతారని తెలుసు. పదిహేనేళ్ళవాడిని. జనవరిలోనే ఏడ్చేశాం కదా, అయిపోయింది కదా అనుకున్నాను. మధ్యాహ్నం బకెట్టు నిండా చేపలతో ఇంటికొస్తే నువ్వూ అమ్మా నల్లబట్టల్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. అమ్మ లేచింది. బకెట్టు అందుకుని చేపలు వేయించింది. నేను తిన్నాను.

కార్యదర్శిని అయిన ఈ ఇరవై రెండేళ్ళలో మేలో జరిగిన ప్రతి భూస్థాపనకీ వెళ్ళాను. నూట పన్నెండు. వాటిలో చాలావాటికి నేనూ స్టిమాకూ పాస్టరు గారూ తప్ప ఎవరూ రారు. అందరూ నన్ను నిబంధనల పిచ్చివాడంటారు. ఆ పేరు వెనక దాక్కోవడం సులువుగానే ఉండేది.

అమ్మని ఫిబ్రవరిలో పెట్టలేను. నీకు మే నెల కుదరదు. ఈ రెండూ నేనే చేశాను.

రేనో


మిల్వాకీ
ఫిబ్రవరి 1

తమ్ముడూ,

నువ్వు రాలేదని నాకు తెలియదనుకున్నావా? ఆ రోజు గుంత దగ్గర ఉన్నది ముగ్గురం. నేను, అమ్మ, గడియారం చూసుకుంటున్న పాస్టరు. జనవరిలో చర్చి పట్టనంత జనం. మేలో వాగు పట్టనంత జనం.

తిరిగొస్తూ దారిలో అమ్మ అంది: "మనిషిని రెండుసార్లు సాగనంపకూడదే, టైమీ. రెండోసారికి ఎవరికీ తీరికుండదు. నేను పోతే నన్ను ఒక్కసారే సాగనంపండి." నేను మాటిచ్చింది అప్పుడే. నీ పేరు ఎత్తలేదు. ఎత్తినా కోపంతో ఎత్తేది కాదు. "వాడు చేపలు బాగా కడిగాడు" అంది ఆ రాత్రి, అంతే. నువ్వు నలభై ఏళ్ళుగా ఏ శిక్ష అనుభవిస్తున్నావో నాకర్థం కాలేదు. అది వేసిన న్యాయమూర్తి ఎవరో మాత్రం ఇప్పుడర్థమైంది. దరఖాస్తు, తీర్పు, మందలింపు, అన్నీ నువ్వే రాసుకుంటావు.

సరే, ఏడుపు చాలు. దుప్పటి లాగేశావు. లాగిన దుప్పటి ఎక్కడ పడేశావు? గొట్టం కుడివైపుకే తిరుగుతుందని రాశావుగా. కుడివైపున్న స్థలం ఎవరిది?

స్టిమాక్ గారిని కమ్మీ పట్టుకుని అక్కడికి వెళ్ళమను.

అక్క


ఆల్డర్ ఫోర్క్
ఫిబ్రవరి 11

అక్కా,

సంఘ సమావేశపు మినిట్సు ఇందువెంట జతపరుస్తున్నాను. ఉద్రేకంలో వ్రాసినందున అక్కడక్కడ సంఘపు భాషకు భంగం కలిగినది.

స్థలం: మూడవ స్థలం మీది మంచుగుట్ట, ఎత్తు తొమ్మిది అడుగులు. హాజరు: కార్యదర్శి, స్టిమాక్. అధ్యక్షులు ఫ్లోరిడాలో ఉన్నందున ఇద్దరితోనే కోరము సరిపోయినదని భావించడమైనది.

స్టిమాక్ గారు గుట్టలోకి గనిలో తొలిచినట్లు సొరంగం తొలిచి, కమ్మీతో బోర్లా పడుకొని దూరారు. బూట్లు మాత్రం బయట కనబడుతున్నవి. కొంతసేపటికి లోపలి నుండి గొంతు వినబడినది.

"ఉడికిన బంగాళాదుంపలో పుల్ల దిగినట్టు దిగిందిరా!"

సంఘ సభ్యుడు కార్యదర్శిని "రా" అని సంబోధించుట ఇదే ప్రథమము. అభ్యంతరం తెలుపలేదు.

తీర్మానం: మూడవ స్థలపు హక్కుదారుడు రేనో కివెలా తన స్థలమును తల్లికి ఇచ్చి, రెండవ స్థలమును తాను పుచ్చుకొనుట. దానిపై చర్చ జరిగినది.

"అంటే నువ్వు మీ నాన్నకీ అమ్మకీ మధ్య పడుకుంటావన్నమాట."

"స్థలాల వరుస ప్రకారం అంతే."

"యాభైనాలుగేళ్ళొచ్చాయి. ఇంకా అమ్మానాన్నల మధ్య పడుకుంటానంటావా?"

"ఇది నమోదు చేయవద్దు."

"నేనే నమోదు చేస్తా, కలమిలా ఇవ్వు."

అయితే అక్కా, ఒక సంగతి నీ ఒక్కదానితోనే తేలాలి. నాన్న పక్కన అమ్మ ఉండదు. నేను పోయేదాకా వాళ్ళ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. నలభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషికి ఆరడుగుల దూరం పెట్టే హక్కు నాకొక్కడికే లేదు. నువ్వు వద్దంటే ఆగిపోతాను.

రేనో


మిల్వాకీ
ఫిబ్రవరి 14

తమ్ముడూ,

సమ్మతం. అమ్మ నన్ను అడిగింది నాన్న పక్కన చోటు కాదు, మే దాకా ఆగకుండా వెళ్ళడం. పైగా నాన్న గురక సంగతి నీకు తెలియదు, నువ్వప్పుడు చిన్నవాడివి. మధ్యలో ఎవరైనా ఉంటే ఆవిడకీ నిద్ర పడుతుంది.

గుంత చుట్టుపక్కల మంచు ముట్టుకోకు. తవ్వేముందు తియ్యడమే తప్ప, నిబంధన కోసం తియ్యకు.

18న బస్సు.

అక్క


ఆల్డర్ ఫోర్క్
ఫిబ్రవరి 29

అక్కా,

బస్సెక్కే హడావుడిలో నీకు చెప్పలేకపోయినవి రాస్తున్నాను.

ఆ శనివారం నేను ట్రాక్టరు మీద ముందుకే చూస్తూ కూర్చున్నాను. వెనక జారుడుబండి మీద అమ్మ. పెట్టె మీద చెయ్యి వేసి నువ్వు. ఇంజను ఆగిపోతుందేమోనన్న భయంతో నేను తల తిప్పలేదు. నువ్వూ తిప్పలేదు. గుంత దగ్గర కూడా నువ్వు కిందికే చూశావు, ఆ తర్వాత నా భుజం మీద తల పెట్టి కళ్ళు మూసుకున్నావు. కాబట్టి ఈ సంగతి నీకు తెలిసి ఉండదు. స్టిమాక్ చెప్పేదాకా నాకూ పూర్తిగా తెలియదు.

దారి ఒక్క మనిషి వెడల్పే కదా. జనం ఒకరి వెనక ఒకరు నడిచారు. మనం గుంత దగ్గరికి చేరేటప్పటికి వరస చివరి మనిషి ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. ఇరుపక్కలా మంచు గోడలు, మధ్యలో టోపీలు. లెక్క పెడితే అరవై మూడు మంది. పాస్టరు గారి మాటలు మొదటివాళ్ళకే వినబడ్డాయి. వాళ్ళు వెనక్కి చెప్పారు, వాళ్ళు ఇంకా వెనక్కి చెప్పారు. చివరివాళ్ళు "ఆమేన్" అనేసరికి మనం మట్టి వెయ్యడం మొదలుపెట్టాం.

అమ్మని ఒక్కసారే సాగనంపాం. మాట దక్కింది.

ఇది నీకు రాయాల్సిన మొదటి సంగతి. రెండోది మొన్న జరిగింది.

మంగళవారం నాడు రాతిగదికి ఇంకొకరు వచ్చారు. ఎమిల్ గోదెట్ అని, కెనడా నుంచి వచ్చి అడవిలో చెట్లు కొట్టిన మనిషి. పాత హోటల్లో పై గదిలో పోయాడు. బంధువులెవరూ లేరు. దరఖాస్తు పెట్టేవాళ్ళు లేరు కాబట్టి నేనే పెట్టి, నేనే మంజూరు చేశాను. సంఘం పేదల కోసం ఉంచిన వరసలో మంచు ఎవరూ కదపలేదు. ట్రాక్టరుతో అక్కడిదాకా దారి తెరిచాను, స్టిమాక్ కమ్మీ హాయిగా దిగింది. శనివారం ఉదయం పది గంటలకని తపాలా ఆఫీసు తలుపు మీద కాగితం అంటించాను. నిబంధన కాబట్టి అంటించాను. నేనూ, స్టిమాకూ, పాస్టరు గారూ అనుకున్నాను.

గేటు దగ్గర పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు.

ట్రాక్టరు ఆపి దిగాను. అందులో ఒక్కరికీ ఆయన పేరు సరిగ్గా పలకడం రాదు. రొట్టెల కొట్టు ఐనీ కాఫీ ఫ్లాస్కు కూడా తెచ్చుకుంది.

"నీకాయన తెలుసా, ఐనీ?"

"తెలీదు. ఎప్పుడో రొట్టె కొనుక్కుని ఉంటాడు."

"మరెందుకొచ్చావు? ఇంత చలిలో?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఇంత తెలివితక్కువ కార్యదర్శిని ఎన్నుకున్నామా అన్నట్టు.

"దారి ఉంది కదా, రేనో," అంది.

నీ తమ్ముడు,
రేనో